ముల్లు మేస్త్రి వెతికిన లీకు

రేవులో అందరూ ఆయన్ని ముల్లు మేస్త్రి అంటారు. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరొకటి ఉండే ఉంటుంది, కాని అది పెళ్లినాడు ఒకసారి వినపడి, ఆ తరవాత ఎవరి నోటా రాలేదు. పడవల్లో ఫ్రిజ్‌లు, చేపల షెడ్లలో ఐస్ పెట్టెలు బాగుచేయడం ఆయన పని. భుజాన ఎప్పుడూ ఒక సంచి ఉంటుంది. సంచిలో రెండు ప్రెషర్ మీటర్లు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు, ఒక్కోదానికి ఒక్కో రబ్బరు పైపు. ఫ్రిజ్ మోటారు గ్యాసుని ఒక పక్క నుంచి పీల్చి మరో పక్కకి తోస్తుంది కదా, పీల్చే పక్క ఒత్తిడి ఎంతో నీలం మీటరు చెబుతుంది, తోసే పక్క ఎంతో ఎర్రది చెబుతుంది. ఈ రెండు ముళ్లూ ఉండాల్సిన చోట నిలబడ్డాయంటే మేస్త్రి ముఖం వెలిగిపోతుంది. పెళ్లి ఫోటోలో కూడా ఆ ముఖం అంత వెలగలేదని ఇల్లాలి ఫిర్యాదు.

ఈ ముళ్ల పిచ్చి ఊరికే పట్టింది కాదు. పడుచువయసులో ఆయన ఒక పెద్ద సరుకుల ఓడలో, కోల్డ్ రూముల దగ్గర పనిచేశాడు. అక్కడి ఇంజనీరు చండశాసనుడు. "చేత్తో తడిమి చెప్పేవాడు మంత్రగాడు, ముల్లు చూసి చెప్పేవాడు మెకానిక్" అని రోజూ వల్లె వేయించేవాడు. పూటపూటకీ మీటర్లు తగిలించి చూడాల్సిందే, చూడకపోతే తిట్లు తినాల్సిందే. ఓడ వదిలి ఒడ్డుకొచ్చి ఇన్నేళ్లయినా, ఇంజనీరు వెనకాలే నిలబడి ఉన్నట్టు మేస్త్రి పూటపూటకీ చూస్తూనే ఉన్నాడు.

ఇంట్లోనూ అదే వరస. తలుపు గడియ వేసి, లాగి చూసి, మంచం దాకా వెళ్లి, మళ్లీ వచ్చి లాగి చూస్తాడు. పొయ్యి మీద గిన్నె ఉంటే మూత తీస్తాడు. మనవరాలు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తాడు, పిల్ల ఉలిక్కిపడి లేచి ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. "ఊపిరి బాగానే ఆడుతోంది" అని సంతృప్తిగా చెబుతాడు. ఇల్లాలు నెత్తి కొట్టుకుంటుంది.

"ఈయన లేచి చూడకపోతే రేపు తెల్లవారదేమోనని భయం" అంటుంది ఆవిడ.

ఇక వదిన సంగతి. ఇల్లాలికి స్వయానా అక్క, మన మేస్త్రికి వదిన. ఆవిడకో పడవ ఉంది. కట్టుకున్నాయనకి పడవెక్కితే కడుపులో తిప్పుతుంది గనక ఆయన గట్టున కూర్చుని టిక్కెట్లు కోస్తాడు, పడవ ఆవిడ నడుపుతుంది. బలమైన చేతులు, అంతకంటే బలమైన నోరు. ఏళ్ల తరబడి అవతలి దీవికి జనాన్ని చేరవేసి దర్జాగా బతికింది. అంతలో ఆ దీవికి వంతెన పడింది. జనం బస్సెక్కారు. పడవలో బల్లలు ఖాళీ, టిక్కెట్ల బావగారికి కునుకు తీయడం పని. పాత ఇనుము కొనేవాడు ఒకనాడు వచ్చి, పడవ ఒళ్లంతా తట్టి చూసి, పెదవి విరిచి, మళ్లీ వస్తానని వెళ్లాడు.

అప్పుడు ఆసుపత్రి వాళ్లు ఒక మాట అన్నారు. వంతెన లేని దూరపు దీవులు ఇంకా ఉన్నాయి. అక్కడి పసిపిల్లలకి టీకా మందులు వారం వారం పంపాలి. మందు వేడెక్కకూడదు, అలాగని గడ్డకట్టకూడదు. సరైన ఫ్రిజ్ పెట్టె ఉన్న పడవకి ఆ పని ఇస్తారట. వదిన పరుగున చెల్లెలింటికి వచ్చింది.

"మరిదీ, పడవలో ఒక పెట్టె కట్టిపెట్టు. అది చల్లగా ఉన్నంతకాలం నేను నీళ్ల మీద ఉంటాను. అది ఆగిపోయిందా, పడవ అమ్మేసి వచ్చి మీ ఇంట్లోనే కూర్చుంటాను. ఆపైన నీ ఇష్టం."

వదిన ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో మేస్త్రికి తెలుసు. వచ్చిన గంటకే ఇంట్లో వస్తువులన్నీ చోట్లు మారతాయి, మనుషులు కూడా మారతారు. అది సరదా మాట. అసలు మాట ఇంకోటుంది. చుక్కాని పట్టుకోని వదినని ఆయన ఊహించుకోలేడు. ఆయన ఓడ మానుకుని చేతిలో పని లేక తిరిగిన రోజుల్లో, "మా మరిది గట్టి పనివాడు" అని రేవులో పడవ పడవకీ చెప్పి పని ఇప్పించింది ఆవిడే. అందుకని ఆ పెట్టెని మేస్త్రి ప్రాణం పెట్టి కట్టాడు.

చుక్కాని గది బల్ల కింద పెట్టె, దాని పక్కన ఒక బుల్లి మోటారు, పెట్టె లోపల మంచు పట్టే రేకు, వెనక రాగి పైపులు. పెట్టె తప్ప మిగతాదంతా కలిపి చేతిసంచిలో పట్టేంత యంత్రం. ముచ్చటైన పని, వంక పెట్టడానికి లేదు. గ్యాసు ఎక్కించి, మీటర్లు తగిలించాడు. ముళ్లు రెండూ చెప్పినట్టు నిలబడ్డాయి. పైపులు ఊడదీశాడు. 'తుస్సు'మంది. ఆ తుస్సు ఆయనకి మహా ఇష్టం. ఫ్రిజ్ తనకి సలాం చేసినట్టు ఉంటుందట.

ఆ రోజు నుంచి పొద్దున వెళ్లి మీటర్లు తగిలించేవాడు, ముళ్లు చూసేవాడు, తుస్సు. మధ్యాహ్నం అన్నం తిని వెళ్లి చూసేవాడు, తుస్సు. సాయంత్రం ఇంటికొస్తూ మరోసారి, తుస్సు. "బంగారంలా ఉంది వదినా" అని చెప్పి వచ్చేవాడు. వారం తిరిగేసరికి ఆసుపత్రి నుంచి నర్సమ్మ థర్మామీటరు పట్టుకుని వచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ ఉన్న మనిషి. పెట్టెలో థర్మామీటరు పెట్టి, తీసి, మేస్త్రికి చూపించింది. పెట్టె లోపల బయటికంటే కాస్త నయం, అంతే.

మేస్త్రి మీటర్లు తగిలించాడు. రెండు ముళ్లూ కిందికి వాలిపోయి ఉన్నాయి. రెండూ పడిపోయాయంటే గ్యాసు తక్కువైంది. గ్యాసు తక్కువైందంటే ఎక్కడో లీకు ఉంది. ఇందులో తప్పేమీ లేదు, ఏ మెకానిక్కైనా అదే అంటాడు. సబ్బు నురగ కలిపి ప్రతి అతుకుకీ పూశాడు. లీకుంటే బుడగ రావాలి. ఒక్క బుడగా రాలేదు. బోర్లా పడుకుని పూశాడు, వెల్లకిలా పడుకుని పూశాడు, పడవ కడిగినంత నురగ అయింది. రేవులో పనిలేని వాళ్లకి కొదవా? ఉప్పుగాలికి రాగి తినేసిందని ఒకడు, అలల కుదుపుకి అతుకు వదిలిందని ఇంకొకడు, గ్యాసే కల్తీదని మరొకడు. మేస్త్రి అందరి మాటా విని, ఎవరి మాటా నమ్మక, మళ్లీ గ్యాసు నింపి, మీటర్లు తగిలించి చూసి, తృప్తిగా తుస్సుమనిపించి ఇంటికి వచ్చాడు.

ఆ రాత్రే ఆయనకి జ్వరం తగిలింది. కొన్నాళ్లు మంచం మీద నుంచి లేవలేదు. పెట్టె ఎలా ఉందో చూసి రమ్మని ఇల్లాలిని తరిమేవాడు. "చల్లగానే ఉందట" అని ఆవిడ వచ్చి చెప్పేది. ఒళ్లు తేరుకున్న పొద్దునే సంచి భుజాన వేసుకుని పరుగెత్తాడు. జ్వరంలో చూడలేకపోయిన బాకీ అంతా తీర్చుకున్నట్టు రోజంతా పడవ మీదే ఉండి, ఎన్నిసార్లు తగిలించాడో, ఎన్నిసార్లు ఊడదీశాడో. మూడు రోజులు తిరక్కుండా ముళ్లు మళ్లీ కూలబడ్డాయి.

ఈసారి ఆయనకి కోపం వచ్చింది. "పోయేది పోగా ఉండేది ఉంటుంది" అని గ్యాసు దండిగా పట్టించాడు. అడుసు తొక్కాక కాలు కడుక్కోవచ్చులే అన్న ధీమా. గ్యాసు ఎక్కువైతే ఏమవుతుందో కొత్తగా నేర్చుకునే వాళ్లకి ఆయనే చెబుతాడు. మంచు పట్టాల్సిన రేకు వదిలేసి, మంచు పైపు వెంబడి బయటికి పాకుతుంది. నర్సమ్మ రెండోసారి వచ్చేసరికి మోటారు బయట తెల్లటి మంచు టోపీ పెట్టుకుని వణుకుతోంది, లోపల పెట్టె మాత్రం నిక్షేపంగా వెచ్చగా ఉంది.

"బయట మంచు, లోపల వేడి. ఇలాంటిది నేనెక్కడా చూళ్లేదు" అంది నర్సమ్మ. "వచ్చే వారం ఇంకొక్కసారి వస్తాను. పెట్టెలో థర్మామీటరు పెట్టి తాళం వేసి, చివరి దీవి దాకా వెళ్లి వద్దాం. అప్పుడూ నిలబడకపోతే పని ఇంకో పడవకి ఇచ్చేస్తాం. ఏమీ అనుకోకండి."

ఆవిడ వెళ్లాక వదిన పడవలో ఖాళీ బల్లలు ఒక్కోటీ తుడుచుకుంటూ వచ్చింది. తిట్టి ఉంటే మేస్త్రికి అంత బాధేసేది కాదు.

"ఒక మాట అంటాను, ఉలుక్కోకు" అంది చివరికి. "నువ్వు జ్వరంతో పడుకున్నన్నాళ్లూ ఈ పెట్టె బుద్ధిగా ఉంది మరిదీ. నువ్వొచ్చావు, దీనికి జబ్బు చేసింది."

"అంటే నేను దిష్టి పెడుతున్నానా?"

"ఏమో. జరిగింది చెప్పాను."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అన్నారా. మేస్త్రి సంచి తీసుకుని, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా ఇంటికొచ్చేశాడు. అన్నం సహించలేదు. నిద్ర పట్టలేదు. గడియ వేసి ఒక్కసారి కూడా లాగి చూడలేదు. అది చూసి ఇల్లాలికి నిజంగా భయం వేసింది. పొద్దున ఆయన బయల్దేరుతుంటే చెప్పులేసుకుని వెంట నడిచింది. "మా అక్క పడవ మునిగేలా ఉంటే నేనూ చూడాలి కదా" అంది.

పడవలో ఆయన ఎక్కువైన గ్యాసు తీసేసి, కొలత సరిచేసి, మీటర్లు చూశాడు. ముళ్లు బాగున్నాయి. పైపు ఊడదీస్తూ, "కాస్త ఇది పట్టుకో" అని ఇల్లాలి చేతికి కొస ఇచ్చాడు. తుస్సుమంది. ఆవిడ చటుక్కున చెయ్యి లాక్కుంది. వేలి కొస తెల్లబడి, చురచురలాడుతోంది.

"అమ్మో, ఐసు ముక్క పెట్టినట్టుంది. ఏంటండీ ఇది?"

"అదా, పైపులో మిగిలిన గ్యాసు. అది అలాగే పోతుంది" అన్నాడు మేస్త్రి, పట్టించుకోనట్టు.

ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని పెట్టె వైపు చూసింది. "ఇంత చల్లదనం నా వేలికెందుకండీ? పెట్టెలో ఉండాల్సింది కదా."

"కొంచెమే పోతుందే."

"పెట్టెలో మొత్తం ఎంతుంటుంది?"

మేస్త్రి మనసులో లెక్క వేశాడు. ఓడలో గ్యాసు మనిషెత్తు సిలిండర్లలో ఉండేది. అక్కడ రోజంతా తుస్సుమనిపించినా సముద్రంలోంచి చెంబుడు నీళ్లు తీసినట్టే. ఈ బుల్లి పెట్టెలో ఉన్నదంతా కలిపితే ఒక టీ గ్లాసు నిండదు. అందులోంచి పొద్దున ఒక గుటక, మధ్యాహ్నం ఒక గుటక, సాయంత్రం ఇంకో గుటక. బాగుందో లేదో చూడ్డానికే బాగున్నదంతా బయటికి వదిలేశాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. సబ్బు నురగ అన్ని అతుకులకీ పూశాడు గాని తన చేతులకి పూసుకోలేదు.

"నేనే" అన్నాడు.

"ఏం నేనే?"

చెప్పాడు. ఇల్లాలు నవ్వు ఆపుకోలేక తాళ్ల కట్ట మీద కూర్చుంది. ఆయన ముఖం చూసి ఆపుకుంది. "పోన్లెండి, తెలిసింది కదా. మరి ఇంక ముట్టుకోకండి" అంది. ఎంత తేలిక మాటో చూడండి. చేప చేత ఈత మాన్పించడం నయం.

అయినా మేస్త్రి మాన్పించుకున్నాడు. పరీక్ష ముందు రోజు ఆఖరిసారి గ్యాసు సరిపెట్టాడు. రేకంతా మంచు పట్టి, బయటికొచ్చే పైపు కేవలం చెమర్చి ఆగేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. ఊడదీసేటప్పుడు పైపుల్లో మిగిలినదాన్ని కూడా మోటారు చేతే లోపలికి లాగించాడు. ఈసారి తుస్సు అనలేదు, అయినా చుక్కంత పోయే ఉంటుంది. మూతలు బిగించి, మీటర్ల సంచి ఇల్లాలికిచ్చి, "నాకు కనపడకుండా దాచు. నేనడిగినా ఇవ్వకు, ఏడ్చినా ఇవ్వకు" అన్నాడు. వదినకి మాత్రం అసలు సంగతి చెప్పలేదు. ఏ నోటితో చెబుతాడు?

పరీక్షనాడు నర్సమ్మ థర్మామీటరు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. పడవ కదిలింది. మేస్త్రి పెట్టె పక్కనే కూర్చున్నాడు. చేతులేం చెయ్యాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు. మోటారు గుర్రుమని తిరుగుతోంది. మొదటి దీవి దాటింది, రెండోది దాటింది. నడి నీళ్లలో ఉన్నట్టుండి మోటారు ఆగిపోయింది.

మేస్త్రి గుండె కూడా ఆగినంత పనైంది. పెట్టె చాలినంత చల్లబడి తనంతట తాను ఆగిందా, లేక చచ్చిపోయిందా? మీటర్లుంటే క్షణంలో చెప్పేవాడు. పెట్టె తెరిచి చూద్దామంటే తాళం. లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"వదినా, పడవ వెనక్కి తిప్పుతావా? ఇంటి దాకా వెళ్లి ఒక్కసారి..."

"కూర్చో" అంది వదిన, చుక్కాని వదలకుండా, తల తిప్పకుండా.

కూర్చున్నాడు. ఇక ఉండబట్టలేక, ఇన్నేళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. కళ్లు మూసుకుని పైపుల మీద చెయ్యి వేశాడు. తోసే పైపు ఇంకా వెచ్చగా ఉంది, మనిషి ఒంటి వేడిలా. పీల్చే పైపు చల్లగా, చెమటపట్టి ఉంది. ఒకటి వేడి, ఒకటి చల్లన. ఇప్పటిదాకా పనిచేసి అలసి కూర్చున్న యంత్రం ఇలాగే ఉంటుందని ఆయన చేతికి తెలుసు, ఆయనకే తెలియదు. ఇంజనీరు చూస్తే మంత్రగాడివయ్యావురా అని తిట్టేవాడే. మేస్త్రి చెయ్యి తియ్యలేదు. కాసేపటికి అరచేతి కింద పైపు సన్నగా వణికింది, మోటారు తనంతట తానే గుర్రుమంది. మేస్త్రికి కళ్లనీళ్లు తిరిగాయి. ఉప్పుగాలి అని చెప్పి తుడుచుకున్నాడు, ఎవరూ అడక్కపోయినా.

రేవుకి తిరిగొచ్చేసరికి గట్టున టిక్కెట్ల బావగారు, ఇల్లాలు, పనిలేని రేవంతా హాజరు. నర్సమ్మ తాళం తీసి థర్మామీటరు చూసింది. దారి పొడుగునా ఎంత వేడెక్కిందీ, ఎంత చల్లబడిందీ గుర్తుంచుకునే రకం అది. నొక్కి నొక్కి చూసి తలూపింది.

"బాగుంది. ఎక్కడా తప్పలేదు" అంది. గట్టున ఎవరో ఈల వేశారు. నర్సమ్మ చెయ్యెత్తింది. "ఒక్క మాట. ఈ వేళ బాగుంది, సరే. అంతకు ముందు రెండుసార్లు ఎందుకు పాడైంది? లీకు ఎక్కడో తెలియకుండా పసిపిల్లల మందు ఇందులో ఎలా పెట్టమంటారు?"

అందరూ మేస్త్రి వైపు చూశారు. రేవులో ముప్పై ఏళ్ల పేరు ఆయనది. నోటికొచ్చిన అబద్ధం ఒకటి తయారుగా ఉంది, అదే బయటికొచ్చింది.

"అతుకొకటి వదిలిందమ్మా. బిగించాను."

"మళ్లీ వదలదని నమ్మకమేమిటి?" అంది నర్సమ్మ. "పోనీ ఒక పని చెయ్యండి మేస్త్రిగారూ. రోజూ పొద్దునా సాయంత్రం ప్రెషర్ చూసి నాకు ఫోన్ చెయ్యండి. అలాగైతే పని ఈ పడవకే ఇస్తాను."

రోజూ ప్రెషర్ చూడటం. బతుకంతా మేస్త్రి కోరుకున్న ఉద్యోగం అదే. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. ఆయన మాత్రం వదిన వైపు చూశాడు. వదిన ముఖంలో అప్పటికే నవ్వు మొదలైంది, పడవ నిలబడిందనుకుంటోంది. వారం తిరిగేలోగా ఆ నవ్వు ఏమవుతుందో ఆ గట్టు మీద ఆయనకీ, ఆయన ఇల్లాలికీ తప్ప ఎవరికీ తెలియదు.

"వద్దమ్మా" అన్నాడు. మళ్లీ అన్నాడు, ఈసారి గట్టున అందరికీ వినపడేలా. "ప్రెషర్ చూడద్దు. అతుకేదీ వదల్లేదు, నేను అబద్ధం చెప్పాను. చూడ్డానికి పైపు పెట్టి తీసినప్పుడల్లా కాస్త గ్యాసు పోతుంది. ఇందులో ఉన్నదే గ్లాసుడు. నేను పూటపూటకీ చూసి చూసి మొత్తం బయటికి వదిలేశాను. లీకు పెట్టెలో లేదమ్మా. నేనే లీకు."

గట్టు మీద ఒకడు కిసుక్కుమన్నాడు. ఆపైన రేవంతా పడిపడి నవ్వింది. టిక్కెట్ల బావగారు కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. మేస్త్రి తల వంచుకుని నిలబడ్డాడు. నవ్వనివి ఇద్దరి ముఖాలే, ఒకటి ఇల్లాలిది, రెండోది వదినది.

నర్సమ్మ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, వదిన వైపు తిరిగింది. "పెట్టె మంచిదేనన్నమాట. మరి ఇక ముందు దీన్ని చూసుకునేదెవరు? ఈయనేమో లీకు తనే అంటున్నారు. వేరే మెకానిక్కుని పెడతారా?"

"ఎందుకమ్మా?" అంది వదిన. "లీకు ఎక్కడుందో తెలిసిన మెకానిక్ ఈ రేవులో ఈయనొక్కడే కదా."

నర్సమ్మ మందుల డబ్బాలు దింపమని తన జీపు వైపు చెయ్యి ఊపింది. వదిన వాటిని అందుకుని పెట్టెలో సర్దుతూ, మూత పట్టుకోమని మరిదిని పిలిచింది. ఆయన వెళ్లి పట్టుకున్నాడు.